గది దాటిన గొంతు

దఫీషా తలుపు తట్టలేదు. బాదింది.

"బా షాన్‌బోర్! తలుపు తియ్యండి. లోపలున్నవాళ్ళంతా మర్యాదగా బయటికి రండి!"

లోపల డ్రమ్స్ మోగుతున్నాయి. బేస్ గిటార్ గోడల్ని వణికిస్తోంది. దాని మీద ఆర్గన్, ఆర్గన్ మీద వేణువు, అన్నిటి వెనకా ఒక పెద్ద చర్చి నిండేంత కోయిర్ 'ఆ...' అని సాగదీస్తోంది.

బయట వాన. జైయావ్ కొండవాలు మీది ఇళ్ళ రేకులన్నీ ఒక్కసారిగా మోగుతున్నాయి. షిల్లాంగ్ వాననే మించిపోయింది ఈ గోల.

కింది గది అద్దెకిచ్చేటప్పుడు దఫీషా తల్లి కాంగ్ ద్రిమ్సీ ఒక్కటే షరతు పెట్టింది. "ఒక్కడివే ఉండాలి బాబూ. స్నేహితులూ, పార్టీలూ కుదరవు." షాన్‌బోర్ బుద్ధిగా తలూపాడు. ఊపి వారం తిరక్కుండానే, పైన అల్మారాలో పింగాణీ కప్పులు గజగజలాడాయి.

గోల ఆగింది. తలుపు తెరుచుకుంది. నలిగిన స్వెట్టరు, చెదిరిన జుట్టు, మెడలో హెడ్‌ఫోన్స్. నిద్రలోంచి లేచినవాడిలా చూశాడు షాన్‌బోర్.

"ఏమైంది కాంగ్?" అన్నాడు, అక్కా అన్నంత మర్యాదగా.

"మిగతావాళ్ళేరీ?"

"ఎవరు?"

"ఆ డ్రమ్స్ వాయించేవాడు. ఆర్గన్ వాయించేవాడు. కోయిర్."

"ఎవరూ లేరే."

దఫీషా అతన్ని పక్కకి నెట్టి లోపలికి వచ్చింది. తలుపు వెనక చూసింది. మంచం కింద చూసింది. అక్కడ గిటార్ పెట్టె, ఒక చెప్పు, చాలా దుమ్ము ఉన్నాయి.

"కిటికీలోంచి దూకేశారా?"

"దూకితే పక్కింటి రేకుల మీద పడతారు. మీకు వినబడేది."

బల్ల మీద ఒక లాప్‌టాప్, దాని ముందు చిన్న కీబోర్డు, చెరోపక్కా ఒక్కో స్పీకరు. అంతే. అతను లాప్‌టాప్ మీద ఒక మీట నొక్కాడు. గది నిండా మళ్ళీ బ్యాండు ప్రత్యక్షమైంది. దఫీషా ఉలిక్కిపడి మంచం మీద కూలబడింది.

"ఇదంతా... దీంట్లోంచా?"

"డ్రమ్స్ ఎవరో స్టూడియోలో ఒక్కొక్క దెబ్బే కొట్టి రికార్డ్ చేసి పెట్టారు. ఎక్కడ ఏ దెబ్బ పడాలో నేను చెప్తాను. ఆర్గన్ అయితే పూర్తిగా సాఫ్ట్‌వేరే. గిటార్ ఒక్కటే నేను."

దఫీషా పాదంతో తాళం వేయబోయింది. కుదరలేదు. మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ తప్పింది.

"ఏంటిది, కుంటుతోంది?"

"ఏడు లెక్క. నాలుగు కాదు."

"మనిషికి కాళ్ళు రెండేగా! ఏడు లెక్కలో ఎలా నడుస్తాడు?"

షాన్‌బోర్ మొదటిసారి నవ్వాడు. నవ్వితే ఇంకో మనిషిలా ఉన్నాడు. దఫీషా ఆ విషయం గమనించనట్టు కిటికీ వైపు చూసింది.

"ఎప్పుడైపోతుంది ఈ పాట?"

"ఇంకా పావుగంట. ఇది మొదటి భాగమే."

"పావుగంటలో మా పాస్టర్ ప్రసంగం ముగిస్తాడు!" అని లేచింది. గుమ్మం దగ్గర ఆగి, చెవి ఒగ్గి విన్నది. "ఒకటి అడగనా? మీ కోయిర్‌లో వీళ్ళెవరూ ఊపిరి తీసుకోరా?"

ఆమె వెళ్ళాక అతను ఆ భాగాన్ని మళ్ళీ మళ్ళీ విన్నాడు. నిజమే. ఆ పాడేవాళ్ళలో ఒక్కడూ ఊపిరి తీసుకోవడం లేదు. ఇన్ని నెలలుగా తను చేసిన కోయిర్ అంతా నీళ్ళలో మునిగినవాళ్ళు పాడుతున్నట్టు అనిపించింది అతనికి.

*

షాన్‌బోర్‌కి ఒకప్పుడు నిజమైన బ్యాండు ఉండేది. డ్రమ్మర్ వాన్‌బోక్ ఉద్యోగం వచ్చి బెంగళూరు వెళ్ళిపోయాడు. మిగిలిన ఇద్దరిలో ఒకడు పెళ్ళి చేసుకుని గిటార్ అమ్మేశాడు, ఇంకొకడు పోలీసు ఉద్యోగంలో చేరాడు. సగంలో ఆగిపోయిన పాటని షాన్‌బోర్ ఒక్కడే పట్టుకుని కూర్చున్నాడు. వెళ్ళిపోయిన ఒక్కొక్కడి స్థానంలో ఒక్కొక్క సాఫ్ట్‌వేరు తెచ్చి పెట్టుకున్నాడు. తల్లి ఇంట్లో అక్క పిల్లల అల్లరిలో పని సాగక ఈ గదికి మారాడు.

మర్నాడు మెట్ల మీద ఎదురైంది దఫీషా. చేతిలో మూడో తరగతి పిల్లల పరీక్ష పేపర్లు, నెత్తిన గొడుగు.

"కాంగ్, మీరు కోయిర్‌లో పాడతారా?"

"రెండో వరసలో. కింది స్థాయి, ఆల్టో. మా గొంతులు ఉంటే ఎవరికీ తెలీదు, లేకపోతే మాత్రం అందరికీ తెలుస్తుంది."

"నా పాటలోకి మీ గొంతు కావాలి."

గొడుగు కొంచెం వంగింది. నీళ్ళు పేపర్ల మీద పడ్డాయి.

"నేను ఒంటరిగా పాడను."

"పాట అక్కర్లేదు. ఒక్కొక్క స్వరం 'ఆ' అంటే చాలు. ఒకసారి మెల్లగా, ఒకసారి మామూలుగా, ఒకసారి గట్టిగా. అన్నీ ఈ కీబోర్డు మీటలకి తగిలిస్తాను. పాట నేను వాయించుకుంటాను."

"కుదరదు" అని పైకి వెళ్ళిపోయింది. సగం మెట్లెక్కి ఆగింది. చిన్నప్పటి సంగతి గుర్తొచ్చింది. క్రిస్మస్ కార్యక్రమంలో ఒక చరణం ఆమె ఒక్కతే పాడాలి. పై స్వరం దగ్గర గొంతు పగిలింది. వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ రోజు నుంచీ రెండో వరసే ఆమెకి ఇల్లు.

"ఎవరూ వినరా?" అంది పైనుంచి.

"నేను వింటాను."

"మీరు కాక?"

"ఎవరూ వినరు."

"నా గొంతు ఆ గది దాటకూడదు. మాటివ్వండి."

"ఇస్తున్నాను."

*

కాంగ్ ద్రిమ్సీ ఒప్పుకుంది. అయితే తలుపు బార్లా తెరిచి ఉండాలి, గుమ్మంలో తన తమ్ముడు బా ఎవర్‌షైన్ కూర్చోవాలి. ఆ ఇంట్లో మేనమామ మాటకి తిరుగులేదు. ఆయన పీట వేసుకుని, వక్కాకూ నోట్లో వేసుకుని, ముందుగా అడగవలసింది అడిగాడు.

"నీ ఇంటిపేరేంటి అబ్బాయ్?"

"నొంగ్‌రుమ్, మామా."

"మాది ఖర్‌కొంగర్. బతికించావు. ఒకే ఇంటిపేరైతే అన్నాచెల్లెళ్ళ లెక్కయిపోను. ముందే అడగడం మంచిది, తర్వాత ఏడవక్కర్లేదు."

"ఎవరు ఏడవడం మామా?" అంది దఫీషా.

"ఎవరో ఒకరు" అన్నాడాయన కొండల వైపు చూస్తూ.

కిటికీలకి రజాయిలు కట్టారు. మైకు ముందు దఫీషా నిలబడింది. షాన్‌బోర్ వేలు పైకెత్తాడు.

"ఆ—"

టప్.

టప్ టప్.

పైకప్పు మీద వాన మొదలైంది. షాన్‌బోర్ హెడ్‌ఫోన్స్ తీసేశాడు. "రేకుల చప్పుడు మైకులో పడుతుంది. ఆగేదాకా కూర్చోవాలి."

జూలై నెలలో షిల్లాంగ్‌లో కూర్చుని వాన ఆగాలని ఎదురుచూడటం ఎలాంటిదో ఆ ఊరివాళ్ళని అడగాలి. రోజుకి నాలుగైదు స్వరాలు రికార్డయితే గొప్ప. మిగతా మధ్యాహ్నమంతా ఎదురుచూపే. కొన్నిసార్లు వాన ఆగేది, మైకు ముందుకి ఆమె పరిగెత్తేది, 'ఆ' అనేలోపు మామ నోట్లో వక్క పటుక్కుమనేది.

"మామా!"

"పాడమ్మా, నేను లేననుకో."

ఎదురుచూపులో పాలు లేని ఎర్ర టీ కాచేవాడు షాన్‌బోర్. పైనుంచి వేడి వేడి పుథారో, బియ్యప్పిండి రొట్టెలు, తెచ్చేది దఫీషా. అతను బ్యాండు కబుర్లు చెప్పేవాడు. ఆమె క్లాసులో పిల్లల కబుర్లు చెప్పేది. మర్యాదకి అనుకునే 'బా'లూ 'కాంగ్'లూ ఎప్పుడు రాలిపోయాయో ఇద్దరికీ తెలీదు.

"నీ బ్యాండువాళ్ళు మళ్ళీ వస్తే తీసుకుంటావా?"

"అక్కర్లేదు. మనుషులు వెళ్ళిపోతారు దఫీ. ఇవి వెళ్ళవు." లాప్‌టాప్ మీద చెయ్యి వేశాడు.

"ఇవి వెళ్ళవు. నిజమే. టీ కూడా అడగవు, రొట్టె మాడిందని వంకా పెట్టవు."

"నేనెప్పుడు వంక పెట్టాను?"

"నిన్న. మొహంతో."

ఒక మధ్యాహ్నం అలా ఏదో చెప్పుకుంటూ, నవ్వుకుంటూ ఉండగా గుమ్మంలోంచి బా ఎవర్‌షైన్ గొంతు సవరించుకున్నాడు. "వాన ఆగి చాలాసేపయింది. పాడేదేమైనా ఉందా, లేకపోతే నన్ను లేచి పొమ్మంటారా?"

ఇద్దరూ ఒక్కసారిగా కిటికీ వైపు చూశారు. కొండల మీద ఎండ. దఫీషా మొహం టీ రంగుకి వచ్చింది.

ఆగస్టులో పని పూర్తయింది. షాన్‌బోర్ ఆమెని పక్కన కూర్చోబెట్టుకుని కీబోర్డు మీద ఒక మీట నొక్కాడు.

స్పీకర్లలోంచి దఫీషా పాడింది.

పక్కన కూర్చున్న దఫీషా చేత్తో గొంతు పట్టుకుంది. "నేను నోరు తెరవలేదు!"

అతను మెల్లగా ఒక వరస వాయించాడు. స్వరానికీ స్వరానికీ మధ్య చిన్నగా ఆమె ఊపిరి కూడా వినిపించింది. దాన్ని విడిగా రికార్డ్ చేసి మరీ పెట్టాడు. వింటూ వింటూ దఫీషా కళ్ళు తుడుచుకుంది.

"ఇంత బావుంటుందా నాది?"

"ఇంతకంటే బావుంటుంది" అన్నాడు. ఇంకా ఏదో అనబోయి, గుమ్మంలో పీట వైపు చూసి మింగేశాడు.

ఆ సంతోషం అతనికి పట్టలేదు. ఎవరికైనా చెప్పకపోతే గుండె పగిలేలా ఉంది. బెంగళూరులో ఉన్న వాన్‌బోక్‌కి ఆ ఫైలంతా పంపించి, 'వాయించి చూడు, తర్వాత మాట్లాడు' అని ఒక్క ముక్క రాశాడు. వాడు పాత నేస్తం. పరాయివాడేం కాదు. అది గది దాటినట్టు కాదనుకున్నాడు.

*

సెప్టెంబరులో ఒకరోజు స్కూలు నుంచి షేర్ టాక్సీలో వస్తోంది దఫీషా. వెనక సీట్లో నలుగురు ఇరుక్కుని కూర్చున్నారు. రేడియోలో ఇంటి పైకప్పు రేకుల ప్రకటన మొదలైంది. ముందు ఉరుము. తర్వాత ఒక ఆడగొంతు, ఒంటరిగా, 'ఆ...'

దఫీషా కొయ్యబారిపోయింది.

అది ఆమె గొంతే. కానీ ఆ పాట ఆమె పాడింది కాదు. ఎప్పుడూ ఎక్కడా పాడలేదు.

"ఎవరో బాగానే పాడింది" అంది పక్కనున్న పెద్దావిడ.

"పాడటమా అది? ఏడుపులా ఉంది" అన్నాడు డ్రైవరు. "పాపం, ఆవిడ ఇంటి కప్పు కారుతోందేమో!"

టాక్సీ అంతా నవ్వింది.

షాన్‌బోర్ గది తలుపు తెరిచే ఉంది. ఆమె లోపలికి రాలేదు. గుమ్మంలోనే నిలబడింది.

"నా గొంతు ఎవరికిచ్చావు? రేడియోలో వస్తోంది."

మొహం చూడగానే అతనికి సగం అర్థమైంది. రేడియో మాట వినగానే మిగతాది అర్థమైంది. "వాన్‌బోక్‌కి. వాడికి ఒక్కడికే. నేను... ఎవరికీ ఇవ్వొద్దని చెప్పలేదు. చెప్పాల్సిన పని ఉంటుందనుకోలేదు."

"ఊళ్ళో అందరూ వింటున్నారు. టాక్సీలో నవ్వారు."

"దఫీ, నేను కావాలని..."

"తెలుసు. కావాలని చేసేవాడివి కాదు." ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బావుండుననిపించింది అతనికి. "రెండు నెలలు ఒక్కొక్క 'ఆ' ఇచ్చాను నీకు. నేనెప్పుడూ పాడని పాట నా గొంతు పాడింది. నాకెలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించావా?"

అతను నోరు తెరిచేలోపు మెట్లెక్కి వెళ్ళిపోయింది. ఆ రోజు వాన లేదు. పైన తలుపు గడియ పడటం స్పష్టంగా వినిపించింది.

*

వాన్‌బోక్ ఫోన్‌లో నెత్తి కొట్టుకున్నాడు. ఆ గొంతు నచ్చి, గౌహతిలో ప్రకటనలు చేసే కలిత దా అనే ఆయనకి వినిపించాడట. ఆయన అడిగితే పంపించాడట. "అది మనిషి గొంతని, ఆ మనిషి మీ పై ఇంట్లోనే ఉందని నాకేం తెలుసురా! ఎక్కడో కొన్నావనుకున్నాను!"

మర్నాడు పొద్దున్నే సుమోలో గౌహతికి బయల్దేరాడు షాన్‌బోర్. కొండ దిగేసరికి స్వెట్టరు తీసేయాల్సి వచ్చింది. ఉక్కపోత. కలిత దా స్టూడియో ఒక మందుల షాపు పైన ఉంది. ఆయన పెద్దమనిషి. కథంతా విని ఫ్యాను వేగం పెంచాడు.

"నాకు తెలీదయ్యా. తెలిస్తే వాడేవాణ్ణి కాదు. కానీ రేకుల కంపెనీ వాళ్ళకి అది తెగ నచ్చింది. తీసెయ్యాలంటే దాని బదులు ఇంకోటి చూపించాలి. నువ్వు చేసిస్తావా?"

"చేస్తాను."

"ఇరవై సెకన్లు."

షాన్‌బోర్ తడబడ్డాడు. అతని పాటల్లో మొదటి స్వరం రావడానికే అంతకంటే ఎక్కువ పడుతుంది.

"నాలుగు లెక్కలో" అని కూడా అన్నాడు కలిత దా.

అక్కడే ఒక మూల లాప్‌టాప్ తెరిచి కూర్చున్నాడు. మొదట చేసింది విని కలిత దా తల గోక్కున్నాడు. "ఇందులో అయిదు ఎందుకు వచ్చింది?" రెండోది విని, "బాబూ, ఇది రేకులు అమ్మడానికి. విన్నవాడు జీవితం గురించి ఆలోచించకూడదు" అన్నాడు.

షాన్‌బోర్ భోజనం మానేశాడు. సాఫ్ట్‌వేర్ వాయిద్యాలన్నీ మూసేశాడు. జైయావ్ గుర్తొచ్చింది. ఎదురుచూపుల మధ్యాహ్నాలు గుర్తొచ్చాయి. రేకు మీద చినుకులు పడుతున్నట్టు బల్ల మీద వేళ్ళతో కొట్టాడు. దాని మీద ఈల వేశాడు. ఆ ఈలకి మాటలు వాటంతటవే వచ్చాయి.

'చినుకు చినుకు చిందులేసే చిన్న ఇల్లు మాది, తడవకుండ కలిసి ఉండే చల్లని ఇల్లు మాది.'

పాడే మనిషి దొరకలేదు. కలిత దా తనే పాడాడు. ఆయనకి జలుబు చేసి ఉంది. అదే కంపెనీ వాళ్ళకి ఇంకా నచ్చింది.

కలిత దా తన దగ్గరున్న ఫైలు అతని కళ్ళముందే చెరిపేశాడు. వాన్‌బోక్ కూడా చెరిపేసి ప్రమాణం చేశాడు. షిల్లాంగ్ వచ్చి షాన్‌బోర్ తన లాప్‌టాప్‌లోంచి కూడా తీసేశాడు. మిగిలిన ఒక్క కాపీని చిన్న డిస్కులో పెట్టి పైకెళ్ళి తలుపు తట్టాడు.

"ఇది ఒక్కటే ఉంది. ఇంకెక్కడా లేదు. ఉంచుకుంటావో, పగలగొడతావో నీ ఇష్టం."

దఫీషా దాని వైపు చూసింది. "నీ పాట?"

"మూడో భాగం ఖాళీ అయిపోయింది. ఫరవాలేదు."

ఆమె డిస్కు తీసుకుంది. తలుపు మూసుకుంది. గౌహతి సంగతి అతను చెప్పలేదు. తప్పు దిద్దుకోవడానికి వెళ్ళాడు. అదేదో ఘనకార్యంలా వచ్చి చెప్పుకోవడానికి అతనికి నోరు రాలేదు.

*

అక్టోబరుకల్లా ఆ కొత్త ప్రకటన ఊరంతా పాకింది. స్కూల్లో మూడో తరగతి పిల్లలు ఎక్కాలు మానేసి 'చినుకు చినుకు' అంటున్నారు. బా ఎవర్‌షైన్ గడ్డం గీసుకుంటూ అదే ఈల వేస్తున్నాడు. కాంగ్ ద్రిమ్సీ వంటగదిలో జలుబు గొంతు అనుకరిస్తూ మరీ పాడుతోంది.

"మెయీ, ఆ పాట ఆపవా?" అంది దఫీషా తల్లితో.

"ఎందుకే? ఈ మధ్య వచ్చినవాటిలో ఇదే కాస్త మనుషులు పాడుకునేలా ఉంది. కింద వాడు ఉన్నాడు చూడు, అలాంటిదొకటి ఎప్పుడైనా చేశాడా?"

క్రిస్మస్ సెలవులకి ఊరొచ్చిన వాన్‌బోక్ ముందుగా వచ్చింది ఆ ఇంటికే. చేతిలో పెద్ద కేకు. దఫీషా ముందు నిలబడి చెవులు పట్టుకున్నాడు.

"కాంగ్, తప్పంతా నాది. తిట్టండి. వాణ్ణి మాత్రం వదిలెయ్యండి. వాడు చేసింది మామూలు ప్రాయశ్చిత్తం కాదు."

"ఏం చేశాడు?"

"అదేంటి, చెప్పలేదా? 'చినుకు చినుకు' ఎవరిదనుకున్నారు?"

వంటగదిలో పాట టక్కున ఆగిపోయింది.

"వాడితో అన్నేళ్ళు బ్యాండులో ఉన్నాను కాంగ్. ఒక్కసారి, ఒకే ఒక్కసారి నాలుగు లెక్కలో వాయిద్దామంటే నెల రోజులు నాతో మాట్లాడలేదు. అలాంటివాడు మీ గొంతు వెనక్కి తేవడానికి ఒక్కరోజులో గౌహతి వెళ్ళి, రేకుల పాట చేశాడు. ఇరవై సెకన్లు! ఈలతో!"

దఫీషా ఆపుకోవాలని చూసింది. పెదవి కొరుక్కుంది. లాభం లేకపోయింది. పకపకా నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. తర్వాత శాలువా కప్పుకుని కిందకి దిగింది.

షాన్‌బోర్ కిటికీ దగ్గర గిటార్ తీగలు మారుస్తున్నాడు. ఆమెని చూసి లేచాడు. ఒక తీగ చేతిలోంచి జారి ఎగిరింది.

"మూడో భాగం వినిపించు" అంది.

వినిపించాడు. గిటార్, ఆర్గన్, డ్రమ్స్ అన్నీ ఒక కొండెక్కినట్టు ఎక్కి, శిఖరం మీద ఒక్కసారిగా ఆగిపోయాయి. కింద తంబురాలా ఒక్క స్వరం మాత్రం మిగిలింది. దాని పైన ఏమీ లేదు. చాలాసేపు ఏమీ లేదు.

"ఇక్కడ వేరే గొంతు పెట్టొచ్చుగా? సాఫ్ట్‌వేర్లో బోలెడన్ని ఉంటాయన్నావు."

"పెట్టలేను."

"ఒక మాట అడుగుతాను. నిజం చెప్పు." ఆమె శాలువా అంచు వేలికి చుట్టుకుంటోంది. "నీకు కావలసింది నేనా, నా గొంతా?"

షాన్‌బోర్ తల దించుకున్నాడు. మాటలు అతనికి ఎప్పుడూ ఆలస్యంగానే వస్తాయి.

"వాన ఆగినప్పుడు నీ గొంతు రికార్డ్ చేశాను" అన్నాడు చివరికి. "పడుతున్నంతసేపూ నువ్వు కబుర్లు చెప్పేదానివి. రెండో వారం నుంచీ నేను వాన ఆగకూడదని మొక్కుకునేవాణ్ణి దఫీ. మైకు ఆపేశాక, నువ్వు రొట్టెలు తెచ్చాక, అప్పుడే నా రోజు మొదలయ్యేది."

దఫీషా మైకు స్టాండు దగ్గరికి నడిచి, దాని మీద కప్పిన గుడ్డ తీసింది.

"మళ్ళీ పెట్టు. మొదటినుంచి."

"ఒక్కొక్క స్వరం..."

"ఒక్కొక్కటి కాదు. పాట పాడతాను. నా ఇష్టమొచ్చినట్టు."

పాట శిఖరానికి చేరింది. ఆగింది. దఫీషా పాడింది. మాటల్లేవు. మొదట మెల్లగా, వెతుక్కుంటున్నట్టు. తర్వాత పక్షి రెక్క చాపినట్టు. పై స్వరం దగ్గర గొంతు కొంచెం పగిలింది. ఆమె ఆగలేదు. ఆ పగులు మీదుగానే దాటి అవతలికి వెళ్ళింది.

అయిపోయాక ఆమె అతని వైపు తిరిగింది.

"పగిలింది. మళ్ళీ పాడనా?"

అతను తల అడ్డంగా ఊపాడు. అతని కళ్ళు చూసి ఆమె ఇంకేమీ అడగలేదు. దగ్గరికొచ్చి, అతని స్వెట్టరు చేతితో అతని కళ్ళే తుడిచింది.

"నువ్వు చెబితే తప్ప ఇది ఎవరూ..." అన్నాడతను.

"నేనే చెప్తాను. ఎక్కడ, ఎవరికన్నది నేనే చెప్తాను. ఈ ఆదివారం చర్చి అయ్యాక మీ అమ్మని టీకి రమ్మను."

*

ఆదివారం పై ఇంటి ముందుగది నిండింది. కుంపటి చుట్టూ కుర్చీలు. షాన్‌బోర్ తల్లి కాంగ్ ఐలిన్ మంచి జైన్‌సెమ్ కట్టుకుని వచ్చింది. కాంగ్ ద్రిమ్సీ కేకు ముక్కలు పంచింది. వాన్‌బోక్ స్పీకర్లు మోసుకొచ్చాడు. పాట మొదలైంది.

మొదటి భాగానికి కాంగ్ ఐలిన్ టీ తాగింది. రెండో భాగానికి కునుకు తీసింది. బా ఎవర్‌షైన్ మోకాలి మీద తాళం వేయబోయి, ఓడిపోయి, వక్క నోట్లో వేసుకున్నాడు. "ఇది మొదలుపెట్టినప్పుడు నా వయసెంత?" అన్నాడు గుసగుసగా.

తర్వాత అంతా ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలోంచి ఆ గొంతు లేచింది.

కాంగ్ ద్రిమ్సీ చేతిలో కెటిల్ అలాగే ఉండిపోయింది. కాంగ్ ఐలిన్ కళ్ళు తెరిచింది. పై స్వరం వచ్చింది, పగిలింది, దాటింది. ఎవరూ నవ్వలేదు. బా ఎవర్‌షైన్ నమలడం కూడా మానేశాడు.

"ఎవరది?" అంది కాంగ్ ద్రిమ్సీ.

"నేనే మెయీ."

తల్లి కెటిల్ కింద పెట్టింది. కూతురి వైపు, కొత్త మనిషిని చూస్తున్నట్టు చూసింది. "ఇన్నేళ్ళూ ఇంట్లోనే ఉన్నావు. నాకెప్పుడూ వినిపించలేదేం?"

దఫీషా తల్లి భుజం మీద తల పెట్టింది. కాంగ్ ద్రిమ్సీ ఆ తల నిమిరింది, ముక్కు తుడుచుకుంది, కుర్చీ లాక్కుని తిన్నగా కాంగ్ ఐలిన్ ఎదుట కూర్చుంది. వక్కాకు పళ్ళెం ముందుకి జరిపింది.

"కాంగ్, ఇది నా ఆఖరి కూతురు. మన ఆచారం ప్రకారం ఈ ఇల్లు దీనిదే. ఇక్కడినుంచి కదిలేది కాదు. మీ అబ్బాయిని మాకిస్తారా?"

"అక్కా!" బా ఎవర్‌షైన్ లేచి నిలబడ్డాడు. "పద్ధతి అంటూ ఒకటుంది! వాళ్ళ మేనమామ రావాలి, ఆయన అడగాలి, మనం ఆలోచిస్తామని చెప్పాలి..."

"అదంతా అయ్యేసరికి ఈ పాటకంటే ఆలస్యమవుతుంది. నువ్వు కూర్చో."

కాంగ్ ఐలిన్ కొడుకు వైపు చూసింది. షాన్‌బోర్ గోడకి ఆనుకుని నిలబడి, చెవుల దాకా ఎర్రబడి, నేల చూస్తున్నాడు. పక్కనే దఫీషా. ఇద్దరి చేతులూ వెనకాల ఎక్కడున్నాయో ఎవరికీ కనబడటం లేదు గానీ, అందరికీ తెలుసు.

"ఇస్తాను" అంది కాంగ్ ఐలిన్, ఒక వక్క తీసుకుని. "ఒక్క మాట. వాడు ఎప్పుడైనా అలిగి మా ఇంటికి వచ్చేస్తే, వాణ్ణి రానిస్తాను. ఈ స్పీకర్లని మాత్రం గుమ్మం ఎక్కనివ్వను."

"అలగనివ్వను" అంది దఫీషా.

కాంగ్ ద్రిమ్సీ కెటిల్ అందుకుని, మొదటి కప్పు అల్లుడికి పోసింది.